1963 నవంబరు 23, శనివారం, సాయంత్రం ఐదుంపావు

యూకేలో ఉన్నవాళ్ళకి ‘డాక్టర్ హూ’ పేరు కొత్త కాదు. మీరు చూడకపోయినా మీ పిల్లలు చూసే ఉంటారు. మిగతా దేశాల్లో ఉన్న అక్కచెల్లెళ్ళకీ, ఊళ్ళో ఉండి ఇది చదివే అమ్మలకీ మాత్రం ఒక ముక్క చెప్పాలి. ఇది బీబీసీ వాళ్ళ సీరియల్. బయటినుంచి చూస్తే ఒకప్పుడు వీధిలో పోలీసులకి ఫోన్ చేసుకోవడానికి ఉండే మామూలు పెట్టె. లోపలికి అడుగుపెడితే పెద్ద హాలంత ఉంటుంది. అందులో కూర్చుని కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఒకాయన కథ ఇది. అరవై ఏళ్ళు దాటినా జనం మర్చిపోలేదు. అది మొదలైన సాయంత్రం గురించి ఈసారి చెప్తాను. ఆ సాయంత్రం వెనక మనం పేరు పెట్టి గుర్తుంచుకోవాల్సిన మనుషులున్నారు.

అప్పట్లో బ్రిటన్లో రెండే ఛానళ్ళు, బీబీసీ, ఐటీవీ. బొమ్మ నలుపు తెలుపు. రంగుల టీవీ 1967లో గానీ రాలేదు. అదే సమయానికి మన దేశంలో ఢిల్లీలో తప్ప టీవీయే లేదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది.

బీబీసీలో శనివారం మధ్యాహ్నమంతా ‘గ్రాండ్‌స్టాండ్’ అనే ఆటల కార్యక్రమం. ఆ తర్వాత కుర్రకారు కోసం ‘జ్యూక్ బాక్స్ జ్యూరీ’ అనే పాటల కార్యక్రమం. ఈ రెండిటి మధ్య జనం ఐటీవీకి మారిపోకుండా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది ఒకటి కావాలి. డ్రామా విభాగం పెద్ద సిడ్నీ న్యూమన్‌కి వచ్చిన అవసరం అదీ. ఆయన కెనడా నుంచి వచ్చినవాడు.

ఆ పనికి ఆయన పిలిచింది వెరిటీ లాంబర్ట్‌ని. వయసు 27. అప్పటికి ఆ విభాగంలో ఆడ ప్రొడ్యూసర్ ఆమె ఒక్కతే, అందరిలోకీ చిన్నదీ ఆమే. మొదటి కథకి దర్శకుడు వారిస్ హుసేన్. ఇరవై అయిదేళ్ళు ఇంకా నిండలేదు. పుట్టింది లక్నోలో, 1946లో కుటుంబంతో ఇంగ్లండు వచ్చాడు. వాళ్ళమ్మ అతియా హుసేన్ ఇంగ్లీషులో కథలూ నవలా రాసిన రచయిత్రి. బీబీసీ ఈస్టర్న్ సర్వీసులో మన దేశపు శ్రోతల కోసం మాట్లాడేది కూడా. పెద్ద పెద్దవాళ్ళున్న ఆ బీబీసీలో ఒక ఆడపిల్లా, ఒక లక్నో కుర్రాడూ! వాళ్ళకిచ్చింది లైమ్ గ్రోవ్‌లో పాత, ఇరుకు స్టూడియో. లైట్ల వేడికి ఉక్క. మొదటిసారి తీసింది న్యూమన్‌కి నచ్చలేదు, మళ్ళీ తియ్యమన్నాడు. అక్టోబరు 18న మళ్ళీ మొదటినుంచి తీశారు.

మూడో మనిషి డెలియా డెర్బీషైర్. కేంబ్రిడ్జిలో లెక్కలూ సంగీతమూ చదివింది. ఉద్యోగం కోసం ఒక రికార్డుల కంపెనీకి వెళ్తే, స్టూడియోలోకి ఆడవాళ్ళని తీసుకోం అన్నారు. తర్వాత బీబీసీ శబ్దాల విభాగంలో చేరింది. రాన్ గ్రేనర్ రాసిచ్చిన స్వరాలని సీరియల్ మొదట్లో వచ్చే ఆ వింత సంగీతంగా మార్చింది ఆమే. ఇప్పటిలా కంప్యూటర్లు లేవు. ఒక్కో స్వరాన్నీ టేపు మీద ఎక్కించి, కావలసినంత పొడవు బ్లేడుతో కోసి, అతికించి చేసింది. గ్రేనర్ విని ఆశ్చర్యపోయి, తన పేరు పక్కన ఆమె పేరూ వెయ్యమన్నాడు. బీబీసీ నియమాలు ఒప్పుకోలేదు.

ఇక ప్రసారం. ముందురోజు శుక్రవారం సాయంత్రమే కెనడీ హత్య వార్త వచ్చింది. దేశమంతా ఆ దిగులులోనే ఉంది. శనివారం ఐదుంపావుకి రావలసిన సీరియల్ 80 సెకన్లు ఆలస్యంగా మొదలైంది. కొన్ని ప్రాంతాల్లో కరెంటు లేదు. చూసినవాళ్ళు 44 లక్షలు. ఆ రాత్రి వారంవారం నవ్వించే ‘దట్ వాజ్ ద వీక్ దట్ వాజ్’ కూడా జోకులన్నీ మానేసి ఇరవై నిమిషాలు కెనడీకి నివాళి చెప్పి ముగించింది. ఎన్ని నెలల కష్టమో, అలాంటి రోజున పడింది. తర్వాతి శనివారం రెండో భాగానికి ముందు మొదటిది మళ్ళీ వేశారు. ఈసారి 60 లక్షల మంది చూశారు. డిసెంబరులో డాలెక్‌లనే లోహపు శత్రువులు వచ్చాక ఇక వెనక్కి చూసుకోలేదు.

ఇంతకీ ఆ మొదటి భాగంలో కథేమిటో తెలుసా? లండన్ స్కూల్లో సూసన్ అని ఒక అమ్మాయి. లెక్కల్లో, సైన్సులో టీచర్లనే మించిపోతుంది. కానీ పౌనుకి ఎన్ని షిల్లింగులో తెలీదు! టీచర్లిద్దరికీ అనుమానం వచ్చి వెంట వెళ్తే, పాత సామాన్ల కొట్లో ఆ పోలీసు పెట్టె, అందులో ఆ పిల్ల తాతగారు. మేం మా లోకానికి దూరమైనవాళ్ళం, మాకిక్కడ నా అన్నవాళ్ళు లేరు, ఏదో ఒక రోజు తిరిగి వెళ్తాం అంటాడాయన. మనవరాలు మాత్రం నాకిక్కడే బాగుంది, ఈ స్కూలు వదిలి రానంటుంది.

ఈ మాటలు మన ఇళ్ళల్లో వినలేదా చెప్పండి. వచ్చిన కొత్తలో చిల్లర లెక్క తెలీక కౌంటరు దగ్గర తడబడనివాళ్ళు మనలో ఎవరున్నారు? ఎప్పటికైనా వెళ్ళిపోదాం అనే పెద్దలు, ఇదే మా ఊరు అనే పిల్లలు. ఆ సన్నివేశాన్ని నటులతో చేయించింది ఏడేళ్ళకే పుట్టిన దేశం వదిలి వచ్చిన మనిషి. బ్రిటిషువాళ్ళు తమ సొంతం అని గర్వపడే కార్యక్రమం మొదటి అడుగులో మన దేశం నుంచి వచ్చిన చెయ్యి ఉంది. ఈ సంగతి మన పిల్లలకి తెలియాలి.

వెరిటీ తర్వాత పేరున్న నిర్మాత అయింది. 2007 నవంబరు 22న పోయింది. డెలియా 2001లోనే పోయింది. యాభై ఏళ్ళ పండగకి 2013లో తీసిన ప్రత్యేక భాగంలో గానీ సీరియల్ చివర ఆమె పేరు పడలేదు. పడిందని చూసుకోవడానికి ఆమె లేదు.

చివర పేర్లు పడేటప్పుడు మనం టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం. ఈసారి పిల్లలతో కూర్చున్నప్పుడు ఒక్క నిమిషం ఆగి చదవండి. ఏ పేరు పడిందో చూడండి, ఎవరి పేరు పడలేదో కూడా అడగండి.