గంగాళం నుంచి గాజు గొట్టాల దాకా

చిన్నప్పుడు మా ఇంట్లో చంటిపిల్లలకి నీళ్ళు పోయాలంటే మా అమ్మ పొద్దున్నే గంగాళం నింపి పెరట్లో ఎండలో పెట్టేది. మధ్యాహ్నానికి నీళ్ళు గోరువెచ్చగా అయ్యేవి. మర్చిపోయి రాత్రిదాకా వదిలేస్తే మళ్ళీ చన్నీళ్ళే. సోలార్ వాటర్ హీటర్ చరిత్రంతా ఆ గంగాళంలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది. ఎండకి నీళ్ళు కాగుతాయని ఎవరికి తెలియదు? ఆ వేడిని మర్నాటి పొద్దుటిదాకా దాచడమే అసలు చిక్కు.

ఈ చరిత్ర తవ్వాల్సిన అవసరం మా అక్క వల్ల వచ్చింది. వాళ్ళు కోల్‌కతాలో లేక్ మార్కెట్ దగ్గర నాలుగంతస్తుల భవనంలో పై అంతస్తులో ఉంటారు. బావగారికి మోకాళ్ళ నొప్పులు, జనవరిలో వేన్నీళ్ళు లేకపోతే గడవదు. సోలార్ పెట్టించుకుందామని అక్క, దండగని బావగారు. "ఒరేయ్, నువ్వు అన్నిటికీ రుజువులడుగుతావుగా, దీని లెక్కేదో నువ్వే తేల్చు" అంది అక్క.

"లెక్కలెందుకోయ్, సూర్యుడి సంగతంతా మన పూర్వీకులకి తెలుసు" అన్నారు బావగారు. సూర్యుడికి మొక్కిన మాట నిజమే. కానీ పెట్టెకి అద్దాలు బిగించి, లోపల థర్మామీటర్ పెట్టి, ఎంత వేడెక్కిందో కొలిచి రాసినవాడు జెనీవాకి చెందిన సస్యూర్. అది 1767. నీళ్ళు మరిగే ఉష్ణోగ్రతని కూడా దాటించాడాయన. మొక్కడానికీ కొలవడానికీ ఉన్న తేడా ఇదే.

1891లో అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ నల్లరంగు వేసిన నీళ్ళ తొట్లని అద్దం మూతున్న పెట్టెలో పెట్టి "క్లైమాక్స్" పేరుతో పేటెంటు తీసుకున్నాడు. అమ్మ గంగాళానికి అద్దం మూత పెట్టినట్టన్నమాట. పగలు బాగానే కాగేవి, రాత్రికి చల్లారేవి. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఆ చిక్కు విప్పాడు. ఎండకి కాగే భాగాన్నీ, నీళ్ళు నిలవుండే ట్యాంకునీ విడదీశాడు. ట్యాంకుకి వేడి పోకుండా మందంగా తొడుగు వేసి పైన పెట్టాడు. వేన్నీళ్ళు తేలిక కాబట్టి వాటంతటవే పైకెక్కుతాయి, చన్నీళ్ళు కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు. తన కంపెనీకి "డే అండ్ నైట్" అని పేరు పెట్టుకున్నాడు. ఇవాళ మన మేడల మీద కనిపించేది చాలావరకు అదే సూత్రం.

మరి అంత మంచి వస్తువు ఎందుకు మూలపడింది? 1920లలో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో సహజవాయువు కారుచౌకగా దొరికింది. బెయిలీ కంపెనీయే గ్యాస్ హీటర్లు తయారుచేయడం మొదలుపెట్టింది. ఎండ తగ్గలేదు, ఇంధనం చౌకయింది, అంతే.

మన దేశంలోనూ ఇలాంటి కథే ఉంది. బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారుగా పనిచేసిన విలియం ఆడమ్స్ అద్దాలతో ఎండని ఒకచోటికి మళ్ళించి, నీళ్ళు మరిగించి, ఆవిరి యంత్రం నడిపాడు. ఉష్ణదేశాల్లో ఇంధనానికి బదులు ఎండని వాడొచ్చని 1878లో పుస్తకమే రాశాడు. ఆ ఆలోచన కలకత్తాలో ఎందుకు పుట్టలేదు? నా ఉద్దేశంలో జవాబు రాణీగంజ్ బొగ్గు. 1855కే హౌరా నుంచి అక్కడికి రైలు పడింది. 1857లో కలకత్తా వీధుల్లో బొగ్గు గ్యాస్ దీపాలు వెలిగాయి. 1899లో కరెంటు ఉత్పత్తి మొదలైంది. బొగ్గు గుమ్మంలో ఉన్నవాడు ఎండకేసి ఎందుకు చూస్తాడు?

సరే, అక్క లెక్క. వంద లీటర్ల నీళ్ళని 20 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకి కాచడానికి సుమారు 4 యూనిట్ల కరెంటు కావాలి. వాటిలో చన్నీళ్ళు కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్ళు 175 లీటర్లవుతాయి. కోల్‌కతాలో గట్టిగా అవసరమయ్యేది ఏడాదికి నాలుగు నెలలు. అంటే 480 యూనిట్లు. దాన్ని మీ బిల్లులో యూనిట్ ధరతో గుణించి చూసుకోండి. ఏడాది పొడుగునా వేన్నీళ్ళు వాడే బెంగుళూరులో పెట్టుబడి తొందరగా తిరిగొస్తుంది, కోల్‌కతాలో నిదానంగా వస్తుంది. ఇది దాచి అమ్మేవాళ్ళని నమ్మొద్దన్నాను. అయితే ఒక అనుకూలం ఉంది. అక్కడ మబ్బులు కమ్మే వానాకాలంలో వేన్నీళ్ళ అవసరం తక్కువ, చలికాలంలో ఆకాశం ఎక్కువగా తేటగా ఉంటుంది.

వాళ్ళది బోరు నీరు, ఇనుము, సున్నం ఎక్కువ. సన్నటి రాగి గొట్టాలున్న ప్లేట్ రకమైతే తొందరగా పూడుకుపోతుందని గాజు గొట్టాల రకం ఎంచుకున్నారు. రెండు పొరల గాజు, మధ్యలో శూన్యం, మన ఫ్లాస్కు లాగే. దక్షిణం వైపుకి, చలికాలపు ఎండ కోసం కాస్త నిటారుగా పెట్టించారు.

అసలు పేచీ డాబా మీద వచ్చింది. డాబా అందరిది. "మీ ఒక్కరి ట్యాంకుకి చోటెందుకివ్వాలి?" అని కింది అంతస్తులవాళ్ళు. మూడు మీటింగులు, మూణ్ణెల్లు. ఎండ ఉచితమే కానీ ఎండ పడే చోటు ఉచితం కాదని అప్పుడు తెలిసింది. ఇజ్రాయెల్ ఈ తగువుని 1980లోనే తేల్చింది. కొత్తగా కట్టే ఇళ్ళకి సోలార్ హీటర్ తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. కోల్‌కతాలోనూ 2008లో న్యూటౌన్‌లో "రబిరశ్మి ఆవాసన్" అని సౌరశక్తి కాలనీ కట్టారు. ఇళ్ళు కట్టేటప్పుడే కప్పు మీద ఎండకి చోటు వదిలారు. కట్టేశాక బతిమాలుకోవడం వేరు, కట్టకముందే అనుకోవడం వేరు.

చివరికి అక్కావాళ్ళు పెట్టించారు. మొదటి ఏడాదే కాలబైశాఖి వడగళ్ళకి ఒక గొట్టం పగిలి ట్యాంకంతా ఖాళీ అయింది. గొట్టం మార్చుకున్నారు. ఏడాదికోసారి మడ్డి కడగాలి. రెండు రోజులు ముసురు పట్టిందంటే గీజరే గతి.

మొన్న జనవరిలో వెళ్ళినప్పుడు తెల్లవారుజామున అయిదింటికి బావగారు కుళాయి తిప్పారు. ముందు పైపులో నిలిచిన చన్నీళ్ళు ఒక చెంబెడు వచ్చాయి, తర్వాత వేన్నీళ్ళు. నిన్నటి ఎండ. ఇప్పుడు రెండో అంతస్తువాళ్ళు కూడా డాబా మీద చోటడుగుతున్నారట. ఈసారి మీటింగులో అభ్యంతరం చెప్పింది బావగారే! అక్క ఊరుకోలేదు లెండి. డాబాని అంతస్తులవారీగా కొలిచి పంచుదామని పట్టుబట్టింది. కొలవడం దగ్గరే కదా ఇదంతా మొదలైంది.