కొయ్య ప్రొపెల్లరుల ముద్రాక్షరములు

శాసనమనిన శిలయో తామ్రపత్రమో మనకు స్ఫురించును. 1914-18 సంవత్సరముల మహాయుద్ధమున నెగిరిన విమానముల కొయ్య ప్రొపెల్లరులమీది ముద్రలును శాసనములే. అక్రోటు, మహాగని మున్నగు కొయ్యపలకల నొకదానిపై నొకటి జిగురుతో నతికి, రెక్కలుగా జెక్కి, నడుమ నాభియందు గొన్ని యక్షరములను సంఖ్యలను ముద్రించెడివారు. అక్షరము చదివినంతమాత్రమున నర్థము సిద్ధింపదనియు, ముద్రలు పరస్పరాన్వయమువలననే యర్థమిచ్చుననియు నా పక్షము.

సైంధవమును దెమ్మనినచో భోజనవేళ లవణమును, ప్రయాణవేళ నశ్వమును దేవలెను. ఇట్టి నానార్థపదముల యర్థనిర్ణయమునకు సంయోగము, విప్రయోగము, ప్రకరణము మున్నగు హేతువులను భర్తృహరి వాక్యపదీయమున బరిగణించెను. ఇచ్చటను నదియే మార్గము.

'డి' యను నక్షరము ప్రక్కనున్న సంఖ్య వ్యాసమును దెలుపును. ఆంగ్లేయుల ప్రొపెల్లరుపై 2740 అని యున్నచో నవి మిల్లిమీటరులు. అనగా నించుమించు 9 అడుగులు. జర్మనులదానిపై 280 అని యున్నచో నవి సెంటీమీటరులు. మానము పేరు లేకున్నను వస్తువే దానిని జెప్పుచున్నది. 'హెచ్.పి.' యనునదియు, జర్మనుల 'పి.ఎస్.' అనునదియు నశ్వశక్తివాచకములే యైనను, మొదటిది దాదాపు 746 వాట్లు, రెండవది 735.5 వాట్లు. పర్యాయపదములందును భేదము గలదు.

'200 హెచ్.పి. హిస్పానో-సూయిజా' యను ముద్ర గనబడగానే, ఇది ఎస్.ఇ.5ఎ విమానముదని కొందరు నిశ్చయింతురు. ఇది యతివ్యాప్తిదోషము. ఆ యంత్రమే సాప్‌విత్ డాల్ఫిన్ విమానమునకును నమర్పబడినది. యంత్రనామము విమాననామము గాదు. నిర్ణయమునకు డ్రాయింగు సంఖ్య ప్రధానము. వ్యాసము, భ్రమణదిశ సహాయకములు. కుడి యెడమలను దెలుపు 'ఆర్.హెచ్.', 'ఎల్.హెచ్.' అను నక్షరములును విలువగలవి. యంత్రమునకును ప్రొపెల్లరునకును నడుమ నొకజత పండ్లచక్రము లున్నచో భ్రమణదిశ మాఱును. ఒకే డ్రాయింగు ననుసరించి పలువురు చేసియుండిరి గావున, కర్తనామము కర్తనే తెలుపును, విమానమును దెలుపదు.

'గరుడ' యను ముద్రగల ప్రొపెల్లరులును గలవు. గరుత్తులతో నెగురువాడు గరుడుడని వ్యుత్పత్తి చెప్పి, ఇవి భారతదేశమున నిర్మింపబడినవని యెవ్వరేని తలపవచ్చును. యోగార్థ మెంత యందముగ గుదిరినను నిది బెర్లినునందలి యొక సంస్థ పేరు. ఇచ్చట రూఢియే బలీయము.

యుద్ధానంతరము పలు ప్రొపెల్లరుల నాభులను గోసి గడియారములకు జట్టములుగ జేసిరి. కొన్నిటిని నునుపుకాగితముతో రుద్ది మెఱుగుపెట్టిరి. మెఱుగు వచ్చినది, అక్షరము పోయినది. అమ్మకమునకై క్రొత్తముద్ర లద్దువారును గలరు. కావున నట్టి ప్రొపెల్లరు చేజిక్కినవారు తుడువకమున్నే ముద్రలపై గాగితముంచి, శాసనమునకువలె బ్రతి తీయవలెను. పిదప వ్యాసమును స్వయముగా గొలువవలెను. కొలతయు ముద్రయు నేకీభవించినచో ముద్ర ప్రమాణము. ఏకీభవింపనిచో గొయ్య యరిగినదా, కోయబడినదా, ముద్రయే కృత్రిమమా యని విచారింపవలెను. అంతవఱకు నే విమానము పేరును దానికి దగిలింపరాదు.