రెండున్నర మిల్లీమీటర్ల సందులో రోబో

మన ఫీల్డులో ఎవరి దగ్గరైనా రోబో సర్జరీ అనండి, "అయితే డాక్టర్ల ఉద్యోగాలూ ఊడినట్టేనా?" అంటారు. కాక్లియర్ ఇంప్లాంట్ చరిత్ర చూస్తే నాకు మాత్రం కథ వేరేలా కనబడుతుంది.

1957లో పారిస్‌లో జూర్నో, ఐరియెస్ అనే ఇద్దరు వినికిడి నరానికి కరెంటిచ్చి, ఏమీ వినబడని మనిషికి శబ్దం తెలిసేలా చేశారు. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ ఒకటి కాదు, చాలా ఛానెళ్ళున్న ఇంప్లాంట్ అమర్చాడు. ఆ తర్వాత చిప్పులు మారాయి, సాఫ్ట్‌వేర్ మారింది. దారి మాత్రం ఎప్పుడూ ఇరుకే. చెవి వెనక ఎముకని తొలుచుకుంటూ పోతే, ముఖాన్ని కదిలించే నరానికీ, నాలుకకి రుచి తెలిపే నరానికీ మధ్య సుమారు 2.5 మిల్లీమీటర్ల సందు. లోపలి చెవికి అందులోంచే వెళ్ళాలి. డ్రిల్లు పక్కకి జరిగిందా, మనిషి నవ్వు వంకరపోతుంది. అందుకే సర్జన్లు ఎముకని వెడల్పుగా తొలిచి, నరాన్ని కంటితో గుర్తుపట్టి మరీ ముందుకెళతారు.

2016లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఇంజినీరు వెబర్, సర్జన్ కావెర్సాచో బృందం ఈ పని రోబోతో చేయించింది. సీటీ స్కాన్ మీద ముందే దారి గీసుకుని, 1.8 మిల్లీమీటర్ల సన్నని సొరంగం ఒక్కటే తొలిచారు. ఇందులో నాకు నచ్చింది వాళ్ళ అనుమానం! డ్రిల్లు ఎక్కడుందో కెమెరా చెబుతుంది. కెమెరా తప్పు చెబితే? డ్రిల్లు మీద పడే ఒత్తిడిని స్కాన్‌లో కనబడే ఎముక గట్టిదనంతో పోల్చి చూస్తారు. అదీ తప్పయితే? చిన్న కరెంటిచ్చి నరం ఎంత దగ్గరుందో కనుక్కుంటారు. మధ్యలో ఆగి మళ్ళీ స్కాన్ కూడా తీస్తారు. మబ్బుల్లో పైలట్ మీటర్లు చూసి విమానం నడిపినట్టన్నమాట.

ఇంతా చేసి, ఆ రోగికి ఎలక్ట్రోడ్‌ని లోపలికి పెట్టింది సర్జన్ చెయ్యే. ఆ పనికి కావలసింది నెమ్మది. గబుక్కున తోస్తే మిగిలిన కాస్త వినికిడీ పోవచ్చు. సెకనుకి 0.1 మిల్లీమీటరు చొప్పున తోసే అయోవా వాళ్ళ పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ 2021లో అనుమతిచ్చింది. అక్కడా పక్కనుండి నడిపేది సర్జనే.

అంటే రోబోకి అప్పజెప్పినవి రెండే పనులు: కంటికి కనబడనిచోట సూటిగా పోవడం, చేతికి చేతకానంత నెమ్మదిగా తొయ్యడం.

మనమో? ఒకే లాగ్‌ని మూడు డాష్‌బోర్డుల్లో చూసి, మూడుసార్లు చెక్ చేశామనుకుంటాం. బెర్న్ వాళ్ళ చెకింగులు ఒకదాని మాట ఒకటి నమ్మవు. నమ్మితే కుదరదు కూడా, తెగిన నరానికి రోల్‌బ్యాక్ లేదు కదా!