బొటనవేలు పోయిన తర్వాత

తెలుగులో ‘గురి’ అన్న మాటకి రెండర్థాలున్నాయి. లక్ష్యం మీద చూపు నిలపడం ఒకటి, ఒక మనిషి మీద నమ్మకం రెండోది. ‘ఆ డాక్టరంటే మా అమ్మకి మంచి గురి’ అంటూంటాం కదా! నేనిక్కడ చెప్పబోయేది వికలాంగుల ఎయిర్ పిస్టల్ పోటీల చరిత్ర. అందులో ఈ రెండు రకాల గురీ ఉంది.

గురి అనగానే మనకి చిన్నప్పుడు విన్న కథలు రెండు గుర్తుకొస్తాయి. పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనపడని అర్జునుడి కథ ఒకటి, బొటనవేలు కోసి గురుదక్షిణ ఇచ్చిన ఏకలవ్యుడి కథ ఇంకొకటి. రెండో కథని మనం వేలు తెగిన చోటే ఆపేస్తాం. వ్యాసభారతం మాత్రం ఆ తర్వాత ఇంకో ముక్క చెబుతుంది: అతను మిగిలిన వేళ్ళతోనే బాణాలు వేశాడు, కాకపోతే మునుపటి వేగం లేదు. ఆ సాధన ఎలా సాగిందని మనలో ఎవరం అడగలేదు. వేలు పోయింది కాబట్టి విలుకాడి కథ ముగిసిందనుకున్నాం.

ఇరవయ్యో శతాబ్దంలో అలాంటి కథే ఒకటి ముగియకుండా సాగింది. కారోలీ తకాచ్ హంగరీ సైన్యంలో పనిచేసిన పిస్తోలు వీరుడు. 1938లో గ్రెనేడ్ పేలి అతని కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో మొదటినుంచీ నేర్చుకుని 1948 లండన్ ఒలింపిక్స్‌లో, మళ్ళీ 1952 హెల్సింకీలో, 25 మీటర్ల రాపిడ్ ఫైర్ పిస్టల్‌లో బంగారు పతకాలు గెలుచుకున్నాడు. రెండు చేతులూ ఉన్నవాళ్ళతోనే పోటీపడి!

ఆ లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే, అంటే 1948 జూలై 29న, లండన్‌కి కొద్ది దూరంలోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఇంకో పోటీ జరిగింది. నాజీల బారినుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, వెన్నెముక దెబ్బతిన్న పదహారుమందికి విలువిద్య పోటీ పెట్టాడు. ఈనాటి పారాలింపిక్స్‌కి బీజం అదే. మొదటి ఆట గురి చూసి కొట్టే ఆటే కావడం గమనించండి.

1948కి మన ఇల్లినాయ్‌తో కూడా సంబంధం ఉంది. యుద్ధంలో దెబ్బతిని తిరిగొచ్చిన సైనికులూ మిగతా వికలాంగులూ కాలేజీలో చదువుకునేలా టిమ్ న్యూజెంట్ అనే ఆయన ఆ ఏడు గేల్స్‌బర్గ్‌లో ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు అది అర్బానా-షాంపేన్‌కి మారింది. చక్రాల కుర్చీ ఎక్కడానికి వీలైన వాలుదారులు, బస్సులు, వాటితోపాటు ఆటలూ అక్కడ రూపుదిద్దుకున్నాయి. నేనుండే షామ్‌బర్గ్ నుంచి అది కారులో రెండున్నర గంటల దారి. పిల్లలకి ఆ యూనివర్సిటీలో సీటొస్తే మనం స్వీట్లు పంచుతాం. ఈ సంగతి కూడా వాళ్ళకి చెబితే బాగుంటుంది.

షూటింగ్ 1976 టొరంటో పోటీలతో పారాలింపిక్స్‌లోకి వచ్చింది. తుపాకీ అనగానే ఈ దేశంలో మన ఇళ్ళల్లో పుట్టే భయం నాకు తెలుసు, అది అకారణమూ కాదు. అయితే ఇక్కడ మాట్లాడుతున్నది గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల చిన్న సీసపు గుండుని తోసే పిస్తోలు గురించి. గురిపలక పది మీటర్ల దూరంలో ఉంటుంది. అందులో పది మార్కులిచ్చే నడిమి వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, ఆ చేతికి ఏ ఆసరా ఉండకూడదు. అరవై గుళ్ళు, డెబ్బై అయిదు నిమిషాలు.

వికలాంగుల పోటీలోనూ దూరం అదే, వలయం అదే. పిస్తోలు బరువు తమ చేత్తో మోయగలిగినవాళ్ళని ఎస్‌హెచ్1 అనే తరగతిలో చేరుస్తారు. నిలబడలేనివాళ్ళు కూర్చుని కాల్చవచ్చు. నడుముకున్న పట్టుని బట్టి కుర్చీ వీపుపలక ఎంత ఎత్తుండాలో నిర్ణయిస్తారు. మార్చింది కుర్చీనే కానీ లక్ష్యాన్ని కాదు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే అనిపిస్తుంది.

ఇక మన దేశానికొస్తే, 1965 యుద్ధంలో గాయపడిన మురళీకాంత్ పేట్కర్ 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచాడు. షూటింగ్‌లో పతకాలకి మాత్రం 2021లో జరిగిన టోక్యో పోటీల దాకా ఆగాల్సొచ్చింది. అక్కడ రైఫిల్‌లో అవని లేఖరా, 50 మీటర్ల పిస్టల్‌లో మనీష్ నర్వాల్ స్వర్ణాలు సాధించారు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో సింగ్‌రాజ్ అధానాకి కాంస్యం వచ్చింది. 2024 పారిస్‌లో అదే ఎయిర్ పిస్టల్‌లో మనీష్ రజతం, మహిళల విభాగంలో జబల్‌పూర్ అమ్మాయి రుబీనా ఫ్రాన్సిస్ కాంస్యం గెలిచారు. టోక్యో ఫైనల్లో రుబీనాది ఏడో స్థానం.

ఇందులో మన హైదరాబాదు పాత్ర కూడా ఉంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో రైఫిల్ కాంస్యం గెలిచాడు. అతను స్థాపించిన గన్ ఫర్ గ్లోరీ అకాడమీ జబల్‌పూర్ శాఖలోనే రుబీనా ఈ విద్య నేర్చుకుంది. హైదరాబాదు కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ కూడా ఆ అకాడమీవాడే. అతనికి పుట్టుకతో వినపడదు. బధిరులకి పారాలింపిక్స్‌లో చోటు లేదు. వాళ్ళ ఒలింపిక్స్ 1924 నుంచీ వేరే జరుగుతున్నాయి. వాటిలో 2022లో బ్రెజిల్‌లో, 2025లో టోక్యోలో ధనుష్ ఎయిర్ రైఫిల్ స్వర్ణాలు గెలిచాడు. ధనుస్సు పేరు పెట్టుకున్న పిల్లవాడు గురి తప్పలేదు.

ఈ పేర్లన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో నా చిన్నతనంలో పోలియో వచ్చిన పిల్లలు ముగ్గురుండేవాళ్ళు. వాళ్ళ అసలు పేర్లు పెద్దవాళ్ళలో చాలామందికి తెలియవు, ‘కుంటి’ అన్న మాటతోనే పిలిచేవారు. బడికి అయిదు మెట్లుండేవి. ఆ మెట్లకి పక్కన ఒక వాలు కట్టాలని ఎవరికీ తోచలేదు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదు, మంచిదే. ఆ చూపు మాత్రం కొందరు సామాన్లతోపాటు ఇక్కడికీ తెచ్చుకున్నారు.

షామ్‌బర్గ్‌లో ఏ షాపుకెళ్ళినా తలుపు దగ్గరే నీలం గుర్తున్న పార్కింగు కనిపిస్తుంది. 1990లో వచ్చిన వికలాంగుల చట్టం చలవ అది. కానీ మన ఉగాది వేడుకలకి ఆ స్థలాల్లో ఆగే కార్లెన్ని? అటువంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరు ప్రోగ్రాముకొస్తే ఇంకొకరు ఇంట్లో ఉండిపోతారు. ‘వాడికి ఇబ్బందండీ’ అంటారు. ఆ ఇబ్బందిలో సగం మన చూపులదే. పెద్దపిల్లకి సంబంధాలు చూసేటప్పుడు తమ్ముడి సంగతి చివరిదాకా దాచిన ఇల్లు కూడా నేనెరుగుదును.

అందరి పిల్లలూ పతకాలు తేనక్కర్లేదు. పతకం తెస్తేనే నలుగురిలోకి తీసుకెళ్తాం అంటే అదీ అన్యాయమే. ఆ పిల్లలకి ముందు కావలసింది మన గురి, పైన చెప్పిన రెండో అర్థంలో. మన సంఘం పిక్నిక్‌లలో ఏటా పరుగుపందేలూ తాడులాగుడూ ఉంటాయి. వచ్చే ఏడాది కూర్చుని ఆడినా నిలబడి ఆడినా ఒకే గీత నుంచి గురి చూసి బంతి విసిరే పందెం ఒకటి చేర్చమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఖర్చేమీ లేదు, నాలుగు కుర్చీలు చాలు. గీత మాత్రం అందరికీ ఒక్కటే ఉండాలి.