ముక్తకమా, ప్రబంధమా? – పాటలు తీసి కథల్లోకి వచ్చిన దర్శకులు

మొన్న సంక్రాంతికి మా గజపతినగరం వచ్చిన పూర్వవిద్యార్థి ఒకడు తాను తీసిన పాటలను సెల్‌ఫోనులో చూపించాడు. ఒక్కొక్కటి నాలుగు నిమిషాలు. మన వైపు జానపద బాణీలు, చంపావతి ఒడ్డు, తాటిచెట్ల మీద వాలే పొద్దు. బాగున్నాయి. "మాస్టారూ, ఇంక పెద్ద సినిమా తీద్దామనుకుంటున్నాను. పాటలు తీసినవాడికి కథ నడపడం చేతకాదని అందరూ అంటున్నారు. నిజమేనాండీ?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాది తెలుగు పండిత శిక్షణ. చలనచిత్ర శాస్త్రం నాకు తెలియదు. అయితే వాడు వెళ్ళాక తట్టింది, ఈ ప్రశ్న మన ఆలంకారికులకు వెయ్యేళ్ళకు పూర్వమే ఎదురయిందని.

ముందు వెనుకల అవసరం లేక తనంత తానుగా నిలిచే ఒంటి పద్యం ముక్తకం. కథాసూత్రంతో కూర్చినది ప్రబంధం. వామనుడు తన కావ్యాలంకార సూత్రాలలో, మాల కట్టడం వచ్చిన తరువాతే శిరోభూషణం కట్టడం వచ్చినట్లు, కవికి ముందు ముక్తకం, పిదప ప్రబంధం సిద్ధిస్తాయన్నాడు. అంతటితో ఊరుకోక, ఒంటరి అగ్నికణం వెలగనట్లే విడి పద్యమూ వెలగదని తేల్చేశాడు. ఆ తరువాత వచ్చిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో అమరుకుని ముక్తకాలను ఎత్తి చూపి, అవి ఒక్కొక్కటే ప్రబంధమంత రసాన్ని స్రవిస్తాయన్నాడు. నా విద్యార్థిని నిరుత్సాహపరచినవారు తెలియకుండానే వామనుని పక్షం వహించారన్నమాట.

పాశ్చాత్య దేశాలలో పాటకు విడిగా దృశ్యరూపం కల్పించడం ఒక వృత్తిగా విస్తరించినది 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైన తరువాత. మనకు పాట సినిమా కడుపులోనే ఉంది; దానిని తీర్చిదిద్దినవాడు నృత్య దర్శకుడు. కాబట్టి మన ముక్తకకారుణ్ణి అక్కడే వెదకాలి. వెదికితే మొదట కనిపించేవారు వేదాంతం రాఘవయ్యగారు.

1919లో కూచిపూడిలో పుట్టి, భాగవతుల సంప్రదాయంలో పెరిగి, మద్రాసు చేరి నృత్య దర్శకులైన రాఘవయ్యగారు 1951లో 'స్త్రీ సాహసం'తో చిత్ర దర్శకులయ్యారు. రెండేళ్ళకు, 1953లో, 'దేవదాసు' వచ్చింది. అడుగు వేయించడమే వృత్తిగా బ్రతికిన మనిషి తన కథానాయకునిచేత ఒక్క అడుగైనా వేయించలేదు! చంద్రముఖి నర్తకి గనుక ఆమె ఆడుతుంది. దేవదాసు కూర్చుంటాడు, వాలిపోతాడు, తూలుతూ నడుస్తాడు. ఆ పాటలలో కదలిక అంతా గొంతులో ఉంది, ముఖంలో ఉంది. ఆ గొంతు ఘంటసాలవారిది. ఆయనకు విజయనగరంలో విద్యాదానం చేసిన పట్రాయని సీతారామశాస్త్రిగారు సాలూరు వారు. విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే దారి మా ఊరి మీదుగానే పోతుంది. అందుచేత ఆ పాటలంటే నాకు కొంచెం పక్షపాతమున్నదని ముందే ఒప్పుకుంటున్నాను. కాని ఇక్కడ నేను మెచ్చుకొనేది గానాన్ని కాదు, దర్శకుని నిగ్రహాన్ని.

1957 నాటి 'సువర్ణసుందరి'లో ఆయన నృత్యానికి పట్టపగ్గాలు విడిచారు. అయినా అది చెల్లింది. ఆమె దేవసభలో నర్తకి. భూలోకానికి దిగి రావడమూ, ప్రేమలో పడడమూ, ఇంద్రుని శాపమూ అన్నీ అక్కడినుంచే పుడతాయి. అక్కడ నాట్యం కథకు అలంకారం కాదు, బీజం. పదేళ్ళ తరువాత, 1967లో, 'రహస్యం' వచ్చింది. అందులో మల్లాది రామకృష్ణశాస్త్రిగారు రచించిన 'గిరిజా కల్యాణం' అనే యక్షగాన ఘట్టం ఉంది. కూచిపూడి సొగసంతా అందులో పోతపోసినట్లుంటుంది. చిత్రం మాత్రం ఆర్థికంగా దెబ్బతిన్నది. ఈనాడు 'రహస్యం' కథ చెప్పమంటే తడుముకొనేవారు కూడా 'గిరిజా కల్యాణం' అనగానే ముఖం వికసించి మాట్లాడతారు. ప్రబంధం మునిగిపోయింది, ముక్తకం తేలింది. వామనుడు చూస్తే ఏమనేవాడో!

ఇక 2005వ సంవత్సరానికి వద్దాం. ఆ ఏడాది మన భాషలో ఒకరు, హిందీలో ఒకరు ఈ గడప దాటారు. శుభా ముద్గల్ పాటలకు, యుఫోరియా బృందం పాటలకు దృశ్యరూపాలు తీసిన ప్రదీప్ సర్కార్ 'పరిణీత'తో చిత్ర దర్శకుడయ్యాడు. తొలి చిత్రానికిచ్చే జాతీయ పురస్కారమూ అందుకున్నాడు. 2023లో ఆయన కన్నుమూశాడు. ఇక్కడొక చిత్రమైన పోలిక ఉంది. 'పరిణీత' శరత్ బాబుది, 'దేవదాసు'ా శరత్ బాబుదే. ఇద్దరు పాటల మనుషులూ తమ చేతికన్న గట్టిదైన కథను అరువు తెచ్చుకొని, దాని నీడన నిలిచి గెలిచారు.

రెండవవాడు ప్రభుదేవా. నృత్య దర్శకుడుగా జాతీయ పురస్కారం పొందినవాడు 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా'తో దర్శకుడయ్యాడు. సంపన్నుల బిడ్డ పల్లెకు వచ్చి, మడిలో దిగి, పంట పండించి పిల్ల అన్నగారిని మెప్పించడం అందులో కథ. చిందులున్నా, మనస్సులో నిలిచేది బురద కాళ్ళే. మరుసటి ఏడాది నాట్యమే వస్తువుగా 'పౌర్ణమి' తీశాడు, అది నిలవలేదు. 'రహస్యం'కు పట్టిన గతే నలభై ఏళ్ళకు మళ్ళీ పట్టింది.

కడలికావల కూడా ఇదే తీరు. మడోన్నా పాటలకు మెరుపులు దిద్దిన డేవిడ్ ఫించర్ తొలి చిత్రం 'ఏలియన్ 3' (1992) నిర్మాతలతో పేచీలలో నలిగిపోయింది. 'సెవెన్' (1995)తో ఆయన నిలదొక్కుకున్నాడు. అందులో హత్యలు జరగడం దాదాపు కనిపించదు. జరిగాక మిగిలినదే కనిపిస్తుంది. చివరి పెట్టెలో ఏముందో మనకు తెరచి చూపడు. ఏదైనా చూపగల చెయ్యి చూపకుండా ఆగింది. జలంధర్‌లో పుట్టిన తర్సెమ్ సింగ్ 1991లో ఆర్.ఇ.ఎం. బృందపు పాట తీసి పేరు పొందాడు. ఆయన 'ది ఫాల్' (2006) మరొక ఉపాయం పన్నింది: ఆసుపత్రిలో గాయపడి పడుకున్నవాడు చిన్నపిల్లకు కథ చెబుతాడు, మనం చూసే వైభవమంతా ఆ పిల్ల ఊహ. అలంకారానికి కథలోనే కారణం దొరికింది, 'సువర్ణసుందరి'లో వలెనే.

కనుక నాకు తోచినది ఇది. పాటలవాడికి కథ రాదన్నది అబద్ధం. తన చేతికి బాగా వచ్చిన విద్యను ఎక్కడ ఆపాలో తెలియనివాడికి కథ రాదు. అభ్యాసక్రమం విషయంలో వామనుడు చెప్పినది సరే. విలువ విషయంలో మాత్రం నా ఓటు ఆనందవర్ధనునికే.

ఈ మాట అనడానికి నాకొక సొంత కారణం కూడా ఉంది. ఉద్యోగమున్నన్నాళ్ళూ నేను పిల్లలకు చెప్పినవి కావ్యాలు కావు, కావ్యాల నుంచి తుంచిన పద్యభాగాలు. ముందు కథ, వెనుక కథ రెండు వాక్యాలలో చెప్పి పద్యంలోకి దూకేవాణ్ణి. కావ్యం చెప్పలేకపోయానన్న బెంగ పదవీవిరమణ నాటికి మిగిలిపోయింది. ఆ తుంచిన పద్యాలు విన్నవాడే ఇప్పుడు కెమెరా పట్టి నా ముందు కూర్చున్నాడు.

నిన్న రాత్రి వాడికి ఫోను చేశాను. "ఒరే నాయనా, కథ తియ్యి. నీకన్న బలమైన కథ తెచ్చుకో. అయితే ఈ నాలుగు నిమిషాల పాటలను మెట్లనుకొని తొక్కి పోకు. మన జముకుల కథ ఒకసారి పూర్తిగా కూర్చొని చూడు, పాట ఎక్కడ ఆగి కథ ఎక్కడ మొదలవుతుందో పట్టుకోగలవేమో చూసి నాకు చెప్పు" అన్నాను.

"పట్టుకోలేకపోతేనండీ?" అన్నాడు.

"అప్పుడే మొదలుపెట్టు" అన్నాను.