గటక కాలపు జబ్బు

హైదరాబాద్ శివార్లలో బొల్లారం, కౌకూర్ చుట్టుపక్కల మొదలుపెట్టి మేడ్చల్, శామీర్‌పేట దాకా ఇప్పుడు చిరుధాన్యాల దుకాణాలకు కొదవ లేదు. అంబలి, జొన్న రొట్టె, కొర్ర ఉప్మా, రాగి లడ్డు అన్నీ దొరుకుతాయి. వాటితోపాటు ఒక కథ కూడా ఉచితంగా వడ్డిస్తారు. తాతల కాలంలో జొన్న గటక తిని మనుషులు ఉక్కులా ఉండేవాళ్లట. కంట్రోల్ బియ్యం వచ్చి షుగరును తెచ్చిందట. డాక్టర్లు ఆలస్యంగా కళ్లు తెరిచి, మళ్లీ జొన్ననే తినమంటున్నారట. ఈ కథలో నడిమి ముక్కకు కొంత ఆధారం ఉంది. మొదటి ముక్క మాత్రం 1960ల నాటి హైదరాబాద్ ఆసుపత్రి వార్డుల ముందు నిలబడదు. పోషకాహార పరిశోధన మీద వచ్చే తెలుగు వ్యాసాలు కూడా ఆ వార్డుల్లోకి తొంగి చూడకుండానే విటమిన్ల నుంచి చిరుధాన్యాలకు గెంతుతాయి.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి మీద చిన్న పరిశోధనా విభాగం మొదలుపెట్టాడు. ఆ జబ్బుకు మన దేశంలో పేరుమోసిన చోటు ఉత్తర సర్కారులు, అంటే తెలుగు తీరమే. అక్కడివాళ్లు మరలో తెల్లగా పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్లు. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాలు ఆ జబ్బు నుంచి చాలావరకు తప్పించుకున్నాయి. మెకారిసన్ తర్వాత వచ్చిన ఆక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక అచ్చువేయించాడు. స్ప్రూ జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్న భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1958లో కూనూరు ప్రయోగశాల హైదరాబాద్‌కు తరలింది. తార్నాకలో ఇప్పుడున్న జాతీయ పోషకాహార సంస్థ, వాడుకలో ఎన్‌ఐఎన్, ఆ ప్రయోగశాలే. 1969లో ఆ పేరు పెట్టారు.

అసలు కథ ఈ తరలింపుతోనే మొదలవుతుంది. కూనూరులో ఉన్నన్నాళ్లు వరి తినేవాళ్ల జబ్బులను చదివిన వైద్యులు దక్కన్ పీఠభూమిలో జొన్న తినేవాళ్ల మధ్యకు వచ్చిపడ్డారు. వచ్చిన కొద్దికాలానికే సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ఇక్కడి ఆసుపత్రుల్లో ఒక జబ్బును గుర్తించారు. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులుగా రాలుతుంది. నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత మనసు కుంగుతుంది, కొందరికి మతి తప్పుతుంది. అది పెల్లాగ్రా. నగరంలోని జనరల్ ఆసుపత్రుల్లో చేరేవాళ్లలో దాదాపు నూటికి ఒకరిది ఇదే జబ్బని, మానసిక చికిత్సాలయంలో కొన్ని నెలల్లో చేరేవాళ్లలో 8 నుంచి 10 శాతం మంది ఈ రోగులేనని అప్పటి ఎన్‌ఐఎన్ వైద్యులు లెక్క చెప్పారు. ఆ రోగులు ఏడాది పొడుగునా జొన్నే తిండిగా బతికిన కూలీలు, చిన్న రైతులు.

ఇందులో ఒక చిక్కు ఉంది. పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని పుస్తకాలు చెప్పేవి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ తిండి మార్చి ఈ జబ్బును నయం చేసి చూపాడు. 1937లో ఎల్వెహ్యెమ్ నికోటినిక్ ఆమ్లం అనే విటమిన్ లోపమే దీనికి మూలమని తేల్చాడు. ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లం నుంచి కూడా శరీరం ఆ విటమిన్‌ను తయారుచేసుకుంటుందని తర్వాత తెలిసింది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ కాబట్టి లెక్క సరిపోయింది. జొన్న దగ్గర ఆ లెక్క కుదరలేదు. జొన్నలో ట్రిప్టోఫాన్ బియ్యంలో కన్నా చెప్పుకోదగ్గంత తక్కువేమీ కాదు. మరి జొన్న తినేవాడికే పెల్లాగ్రా ఎందుకు రావాలి?

గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో దీనికి ఒక జవాబు ఇచ్చారు. దోషం లోపంలో కాకుండా ఎక్కువలో ఉండవచ్చన్నారు. జొన్న ప్రోటీన్‌లో లూసిన్ అనే అమినో ఆమ్లం మరీ ఎక్కువ. అది శరీరంలో నికోటినిక్ ఆమ్లం తయారయ్యే, ఖర్చయ్యే దారులకు అడ్డం పడుతుందని వాళ్ల ఊహ. భవానీ బెలవాడి ఈ ఊహను కుక్కల మీద పరీక్షించారు. లూసిన్ ఎక్కువ పెడితే వాటికి నల్ల నాలుక వచ్చింది. కుక్కల్లో పెల్లాగ్రాకు సాటి జబ్బు అది. 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ కలిసి ఐసోలూసిన్ అనే మరో అమినో ఆమ్లం ఇస్తే రోగుల చర్మం బాగుపడిందని, మెదడు విద్యుత్ రేఖలు కూడా మెరుగుపడ్డాయని మళ్లీ లాన్సెట్‌లోనే రాశారు. ఇందులో బి6 విటమిన్ పాత్ర కూడా ఉందని కృష్ణస్వామి తర్వాత చూపించారు. లూసిన్ తక్కువున్న జొన్న రకాల కోసం వెతుకులాట కూడా సాగింది. ఒక పేదల జబ్బు మీద వార్డు, ప్రయోగశాల, పొలం ఇంత దగ్గరగా పనిచేసిన సందర్భాలు మన దేశంలో ఎక్కువ లేవు.

అయినా ఈ సిద్ధాంతం గెలిచిందని చెప్పలేం. 1978లో మాన్సన్, కార్పెంటర్ కుక్కలకు లూసిన్ దండిగా పెట్టి చూస్తే వాటి నికోటినిక్ ఆమ్లం స్థితిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. హైదరాబాద్ ఫలితాలు అన్నిచోట్లా తిరిగి రాకపోయేసరికి పుస్తకాలు లూసిన్ సంగతిని పక్క అధ్యాయానికి నెట్టేశాయి. అది పూర్తి న్యాయం కాదు. ట్రిప్టోఫాన్, విటమిన్ రెండూ అంచున ఉన్న కడుపులో లూసిన్ చేసే కీడు వేరు, నిండు తిండి ఉన్న కడుపులో వేరు. హైదరాబాద్ రోగి అంచున ఉన్నవాడే. అదే జొన్న తిన్న పటేళ్ల ఇళ్లలో పాలు, పప్పు, మాంసం కూడా ఉండేవి. పెల్లాగ్రా ఆ గడపలు దాదాపు తొక్కలేదు. కాబట్టి నేరం జొన్న ఒక్కదానిదీ కాదు, లూసిన్ ఒక్కదానిదీ కాదు. పూట పూటకూ ఒకే ధాన్యం తప్ప మరొకటి లేని కంచానిది.

మరి పెల్లాగ్రా ఎలా పోయింది? మాత్రలు పంచడంతో పోలేదు, కొత్త జొన్న విత్తనంతోనూ పోలేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. బోర్లు, కాలువల కింద వరి సాగు పెరిగింది, జొన్న సాగు తగ్గింది. ఆ దశకం తర్వాత ఆసుపత్రుల్లో ఈ రోగులు పలచబడ్డారు. లూసిన్ పక్షం వాళ్లు దీన్ని తమకు సాక్ష్యంగా చెప్పుకోవచ్చు. తెల్ల బియ్యంలో నికోటినిక్ ఆమ్లం జొన్నలో కన్నా ఎక్కువ లేదు, అయినా జబ్బు తగ్గింది. లూసిన్ తగ్గడమే కారణమన్న వాదానికి ఇందులో బలం ఉంది. పప్పు తినడం పెరిగినందువల్ల జబ్బు తగ్గిందందామా అంటే, దశాబ్దాల జాతీయ సర్వేల్లో పల్లె కంచంలో పప్పు పెద్దగా పెరగలేదు. అయితే చౌక బియ్యం, వరి సాగు, కూలి రేట్లు, జొన్న వెనకబడటం అన్నీ ఒకేసారి జరిగాయి. వాటిని విడదీసి చూసే ప్రయోగం ఎవరూ చేయలేదు. ఇప్పుడు చేయడానికి వీలూ లేదు. నిక్కచ్చిగా తేల్చలేకపోయినా ఒక మాట అనుకోవచ్చు. నేడు తిట్లు తింటున్న కంట్రోల్ బియ్యం ఒక తరాన్ని పిచ్చాసుపత్రి దారి పట్టకుండా కాపాడిన కారణాల్లో ఒకటై ఉండవచ్చు.

జొన్న మీద ఇంకో పాత ఫైలు కూడా ఉంది. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి 1955లోనే సిద్ధిఖీ రాశాడు. 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి అక్కడి కుర్రాళ్లలో మోకాళ్లు లోపలికి వంగే జబ్బును వర్ణించారు. 1977లో లక్ష్మయ్య, శ్రీకాంతియా ఒకే మోతాదు ఫ్లోరైడ్‌తో పోల్చి చూస్తే, అన్నం తిన్నవాళ్లకన్నా జొన్న తిన్నవాళ్ల ఒంట్లో ఎక్కువ ఫ్లోరైడ్ నిలిచింది. జొన్న చెడ్డదని చెప్పడానికి ఇది పనికిరాదు. ఒక ధాన్యం మంచి చెడ్డలు అది పండిన నేల, దాంతో తాగిన నీళ్లు, పక్కన ఉన్న కూర చూడకుండా తేలవని మాత్రం చెబుతుంది.

ఇదే కాలంలో గోపాలన్ మరో పోరు కూడా నడిపాడు. పిల్లల పోషణ లోపమంటే ప్రోటీన్ లోపమేనని ప్రపంచమంతా పాలపొడుల వెంట పరుగెత్తుతుంటే, ఒళ్లు ఉబ్బే క్వాషియోర్కర్ వచ్చిన బిడ్డా, ఒళ్లు ఎండిపోయే మరాస్మస్ వచ్చిన బిడ్డా ఒకే తిండి తింటున్నారని 1968లో ఆయన చెప్పాడు. ముందుగా చాలనిది అన్నమేనన్నాడు. 1973లో అచ్చయిన ఒక ప్రయోగంలో హైదరాబాద్ దగ్గరి పల్లెల పిల్లలకు గోధుమ పిండి, చక్కెర, నూనెతో చేసిన తినుబండారం రోజూ ఇచ్చారు. అందులో 310 కేలరీలు ఉంటే ప్రోటీన్ 3 గ్రాములే. పిల్లలు ఎదిగారు. గోధుమ, శనగ, వేరుశనగ, బెల్లం కలిపిన ‘హైదరాబాద్ మిక్స్’ కూడా ఎన్‌ఐఎన్ చేతిదే. ఇప్పుడు ప్రోటీన్ డబ్బాలు కొనే తల్లిదండ్రులకు ఈ వాదం ఒకసారి వినిపిస్తే బాగుండేది.

నగర శివార్లు పరిశోధనకు ఇచ్చిన గట్టి ఫలితం మాత్రం ఇంకొకటి. 1987 నుంచి 1990 దాకా నగరానికి దగ్గరలోని 29 ఊళ్లలో ఒక ప్రయోగం జరిగింది. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న సోయా పిండితో ఉప్మా వండి పెట్టారు. తల్లులకు రోజుకు దాదాపు 500 కేలరీలు అందాయి. అంగన్‌వాడీ పథకం ఇంకా చేరని మిగతా 14 ఊళ్లను పోలిక కోసం పెట్టుకున్నారు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెతికి కొలిచారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు వచ్చాయి. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. వాళ్లలో ఇన్సులిన్‌కు శరీరం మొండికేయడం దాదాపు 20 శాతం తక్కువ, రక్తనాళాలు కూడా మెత్తగా ఉన్నాయి. రక్తపోటు, కొలెస్టరాల్ లాంటి వాటిలో మాత్రం తేడా కనిపించలేదు. చీటీలు వేసి ఊళ్లను ఎంపిక చేసిన ప్రయోగం కాదు కాబట్టి సందేహానికి చోటుంది. అయినా షుగరు మీద చర్చ నలభయ్యేళ్ల మనిషి కంచం దగ్గరే ఆగిపోతున్న కాలంలో, అది తల్లి కడుపు దగ్గర మొదలవుతుందని చూపించిన లెక్క ఇది. మేడ్చల్ మండలం పల్లెల్లో షేర్ ఇండియా సంస్థ 2009లో మొదలుపెట్టిన అధ్యయనం మరో మెట్టు వెనక్కి వెళ్లి, ఆడవాళ్లను గర్భానికి ముందు నుంచే నమోదు చేసుకుంది.

ఇక నేటి సంగతి. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రయోగ జంతువుల కేంద్రం ఉంది. తార్నాకలో పుట్టిన ఊబకాయపు ఎలుకల జాతికి ప్రపంచంలో పేరుంది. పరికరాలకు లోటు లేదు. లోటు అడిగే ప్రశ్నల్లో ఉంది. 2021లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఎన్‌ఐఎన్‌తో కలిసి పాత అధ్యయనాలను కూడగట్టి, చిరుధాన్యాలు తినే మధుమేహ రోగుల రక్తంలో చక్కెర 12 నుంచి 15 శాతం తగ్గిందన్నారు. మంచిదే. కాకపోతే ఇక్రిశాట్ జొన్న, సజ్జ లాంటి పంటల పరిశోధనకు పుట్టిన సంస్థ అన్నది మరువకూడదు. ఇంట్లో దంచి వండిన గటకకూ, పాలిష్ పట్టి మెత్తగా విసిరి బెల్లం కలిపి అమ్మే మిక్స్‌కూ ఆ 15 శాతం ఒకేలా వర్తించదు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో ఇచ్చిన తెలంగాణ సోనా బియ్యానికి, తిన్నాక రక్తంలో చక్కెర పెరిగే తీరును చెప్పే గ్లైసెమిక్ సూచిక 51 చుట్టూ ఉందన్నది నిజం. దాన్ని ‘షుగర్ బియ్యం’ అని పిలిచి రెండు కంచాలు తినమని మాత్రం ఏ శాస్త్రవేత్తా చెప్పలేదు.

బియ్యం షుగరు తెచ్చిందన్న మాటకూ ఒక హద్దుంది. కోస్తావాళ్లు తరతరాలుగా అన్నమే తిన్నారు. మేడ్చల్, శామీర్‌పేట పొలాలు లేఅవుట్లయ్యాయి. నాట్లు వేసిన చేతులు ఇప్పుడు గేటు దగ్గర కాపలా కుర్చీలో, ఆటో స్టీరింగ్ మీద ఉన్నాయి. కంచంలో అన్నం కుప్ప మాత్రం నాటు వేసిన రోజంతే ఉంది. ధాన్యం మార్చమని చెప్పడం తేలిక. కుప్ప తగ్గించి పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టమంటే ఖర్చు సంగతి ఎత్తాల్సి వస్తుంది. ఎన్‌ఐఎన్ 2024 ఆహార మార్గదర్శకాలు ఆ మాట చెప్పాయి కానీ, ఆ కంచం ధర ఎవరు భరించాలో చెప్పలేదు.

ఇంతకన్నా పెద్ద నష్టం ఒకటి నిశ్శబ్దంగా జరిగింది. ఎవరు ఏం తింటున్నారో ఇంటింటికీ వెళ్లి అడిగి లెక్కగట్టేందుకు 1972లో పెట్టిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థను 2015లో మూసేశారు. పెల్లాగ్రా తగ్గినప్పుడు కంచంలో ఏం మారిందో ఈ మాత్రమైనా మాట్లాడగలుగుతున్నది ఆ లెక్కల పుణ్యాన. ఎన్‌ఐఎన్ ఇప్పుడు రక్త పరీక్షలతో కలిపి కొత్త ఆహార సర్వే చేపట్టింది. అది ఏళ్ల తరబడి సాగితేనే పాత లెక్కలకు అతుకు పడుతుంది. వినియోగ వ్యయ సర్వేలు ఇంటికి ఎన్ని కిలోల బియ్యం వచ్చిందో చెబుతాయి. ఆ బియ్యంలో తండ్రికి ఎంత, చివరగా తినే కోడలికి ఎంత అన్నది వాటి కాగితాల్లో ఉండదు.