కాలిపోయిన ఫ్యాక్టరీ, నిలబడ్డ లారీ

మెకానికల్ చదివి, అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో తేలినవాణ్ణి నేను. అయినా పాత ప్రేమ పోదు కదా! ఖాళీ దొరికితే లారీల గురించీ, ఇంజన్ల గురించీ చదువుతూ కూచుంటాను. మా ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఇదొక జబ్బు. ఈ మధ్య ఆ జబ్బే ఆఫీసులో పనికొచ్చింది.

విషయం ఏంటంటే, మా ప్రాజెక్టులో ఐదేళ్ళుగా నమ్ముకున్న ఒక కాంపొనెంటుని ఇక అమ్మం, రిపేర్లూ చెయ్యం అని దాన్ని తయారుచేసేవాళ్ళు నాలుగు లైన్ల మెయిలు పంపి చేతులు దులుపుకున్నారు. దాని బదులు ఏది పెట్టాలన్న దాని మీద మాలో మాకు రెండు వారాలు రభస. ఆ రెండు వారాలూ నాకు పదే పదే గుర్తొచ్చింది ఒక రష్యన్ మిలిటరీ లారీ. ముందు దాని కథ చెప్తాను, తర్వాత మా గొడవకి వద్దాం.

ఆ లారీ పేరు యూరల్. రష్యాలో చెల్యాబిన్స్క్ ప్రాంతంలోని మియాస్ అనే ఊళ్ళో తయారవుతుంది. పేరు వినకపోయినా మీరు ఫోటోలో చూసే ఉంటారు. నలభై గొట్టాల గ్రాడ్ రాకెట్ లాంచరుని మొదట ఎక్కించింది దీనిమీదే. ఆ గ్రాడ్‌లు మన సైన్యంలోనూ ఉన్నాయి.

1960ల నాటి యూరల్-375 ఆరు చక్రాలూ తిరిగే బండి. బురదైనా, మంచైనా, వాగైనా లెక్కచెయ్యదు. కానీ దానికో తిండిపోతు రోగం ఉంది. అందులో పెట్టింది 180 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజను. వంద కిలోమీటర్లకి దాదాపు 50 లీటర్లు తాగేది, అదీ రోడ్డు బాగుంటే! పైగా మామూలు లారీలు తాగే పెట్రోలు దీనికి సరిపడదు, ఎక్కువ ఆక్టేన్ ఉన్నదే కావాలి. యుద్ధంలో లారీ ముందుకెళ్ళాలంటే దాని వెనకాల ఇంకో పెట్రోలు లారీ రావాలి. ఆ రెండో లారీకి మళ్ళీ పెట్రోలు... అదన్నమాట సంగతి.

కాబట్టి డీజిల్ కావాలి. అప్పటికే వోల్గా ఉపనది కామా ఒడ్డున, నబెరెజ్నీయే చెల్నీలో కామాజ్ అనే బ్రహ్మాండమైన ఫ్యాక్టరీ కడుతున్నారు. ఏడాదికి లక్షా యాభై వేల లారీలు, రెండున్నర లక్షల ఇంజన్లు చెయ్యాలన్నది ప్లాను. లెక్క గమనించారా? లారీల కంటే ఇంజన్లు లక్ష ఎక్కువ. స్పేర్లతో పాటు వేరే ఫ్యాక్టరీలకీ ఇక్కణ్ణుంచే ఇంజన్లు సరఫరా చెయ్యాలన్నమాట. 1977లో యూరల్‌కి కామాజ్-740 ఇంజను పెట్టారు, బండి పేరు యూరల్-4320 అయింది. ఎనిమిది సిలిండర్లు, 10.85 లీటర్లు, 210 హార్స్‌పవర్. పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది, పాత బానెట్ కిందే ఇమిడిపోయింది. తాగుడు తగ్గింది, బలం పెరిగింది. ఆ రోజు నేను అక్కడున్నా అదే ఎంచుకునేవాణ్ణి. ఎవరైనా అంతే.

చెల్నీ ఇంజన్ల మీద ఆధారపడింది యూరల్ ఒక్కటే కాదు. బీటీఆర్-80 అనే సాయుధ వాహనంలో అదే ఇంజను టర్బోతో ఉంది. జిల్ లారీల్లో, కొన్ని బస్సుల్లో కూడా. ఎవరికి వారు తీసుకున్నది మంచి నిర్ణయమే. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఒక దేశపు లారీలూ, బస్సులూ, యుద్ధ వాహనాలూ ఒకే కప్పు కింద చేరాయి.

ఆ కప్పే అంటుకుంది. 1993 ఏప్రిల్ 14 సాయంత్రం ఇంజన్ల ఫ్యాక్టరీకి కరెంటు ఇచ్చే చోట మంటలు మొదలయ్యాయి. పైకప్పులో చలి ఆపడానికి వేసిన ఫోమ్‌కి నిప్పంటుకుని, ఎకరాలకెకరాల షెడ్డంతా పాకిపోయింది. మంటలు పూర్తిగా ఆరడానికి రోజులు పట్టింది. చివరికి ఫ్యాక్టరీ ఉన్నచోట వంగిపోయిన ఇనుము మిగిలింది.

ఇప్పుడు మియాస్ ఇంజనీర్ల పరిస్థితి ఊహించుకోండి. లారీ ఉంది, ఇంజను లేదు. సోవియట్ యూనియన్ పోయి ఏడాదిన్నర కూడా కాలేదు, చేతిలో డబ్బుల్లేవు.

నిజానికి వాళ్ళకి ఇంకో దారి ఉండాల్సింది. జర్మనీ డాయిట్జ్ కంపెనీ లైసెన్సుతో, గాలితో చల్లబడే డీజిల్ ఇంజన్లు సొంతంగా చేసుకుందామని ఎప్పట్నుంచో అనుకున్నారు. 1970లలో సైబీరియాలో బామ్ రైల్వే లైను వేసేటప్పుడు జర్మన్ మాగిరస్ లారీలు అలాంటి ఇంజన్లతోనే ఆ చలిని తట్టుకున్నాయి. నీళ్ళే లేని ఇంజన్లో గడ్డకట్టడానికి ఏముంటుంది! దానికోసం కుస్తనాయ్‌లో ఫ్యాక్టరీ కట్టడం మొదలెట్టారు. తీరా చూస్తే 1991 డిసెంబరులో దేశం ముక్కలై, కుస్తనాయ్ పరాయి దేశమైన కజక్‌స్తాన్‌లో తేలింది. ఒక దారి కాలిపోయింది, ఇంకో దారి సరిహద్దు అవతల పడింది.

ఇక మిగిలింది యారోస్లావ్ల్. అక్కడి యామ్జ్-236, 238 ఇంజన్లు 1960ల మొదట్నుంచీ వస్తున్నవే. బరువెక్కువ, మోటు సరుకు. 236కి ఆరు సిలిండర్లు, 238కి ఎనిమిది. రెంటినీ ఒకే మిషన్ల మీద చెయ్యడం కోసం రెంటికీ 90 డిగ్రీల కోణమే పెట్టారు. ఎనిమిదింటికి అది చక్కగా సరిపోతుంది. ఆరింటికి సరిపోదు. 120 డిగ్రీలకోసారి పేలాల్సిన సిలిండర్లు ఒకసారి 90కి, ఒకసారి 150కి పేలతాయి. అందుకే ఆ ఇంజను కుంటుతున్నట్టు వణుకుతుంది. మా కాలేజీలో ఇలాంటి డిజైన్ గీస్తే మార్కులు కోసేవాళ్ళు!

కానీ ఆ ఇంజన్లు అప్పటికే మాజ్, క్రాజ్ లారీల్లో ఉన్నాయి. ఎంటీ-ఎల్బీ అనే ట్రాకుల బండిలో ఉన్నాయి. పొలాల్లో కిరోవెట్స్ ట్రాక్టర్లలో ఉన్నాయి. సైన్యం స్టోర్లలో స్పేర్లున్నాయి, మెకానిక్కులకి చేతులు అలవాటై ఉన్నాయి. ఇంకో విచిత్రం ఉంది. కాలిపోయిన చెల్నీలో చేసిన కామాజ్-740ని డిజైన్ చేసిందీ యారోస్లావ్ల్ వాళ్ళే. కొత్త బిడ్డని పెంచడానికి ఇచ్చేసి, పాతదాన్ని తమ దగ్గరే ఉంచుకున్నారు. చివరికి ఆదుకున్నది ఆ పాతదే.

ఎంపికలో రాజీ తప్పలేదు. 236 అయితే వరసకి మూడు సిలిండర్లే కాబట్టి పొట్టి బానెట్‌లో పడుతుంది. కానీ పవరు 180, అంటే ముప్పై ఏళ్ళ కిందటి పెట్రోల్ బండి దగ్గరికే మళ్ళీ వచ్చినట్టు. 238 అయితే 14.86 లీటర్లు, 240 హార్స్‌పవర్. కానీ పొడుగు, బరువు. వాళ్ళు రెండూ పెట్టారు! 238 కోసం బండి ముక్కునే సాగదీశారు. పొడుగు ముక్కు యూరల్ ఎక్కడైనా కనిపిస్తే, అది ఆ మంట మిగిల్చిన గుర్తని లెక్క. బీటీఆర్-80కీ అదే 238 పెట్టారు, 260 నుంచి 240కి దిగి మరీ.

తాత్కాలికం అనుకున్నది తాత్కాలికంగా ఉండిపోలేదు. కామాజ్ మళ్ళీ లేచి ఇంజన్లు చేసింది, కానీ యూరల్ యారోస్లావ్ల్‌ని వదల్లేదు. తర్వాత 236కే టర్బో తగిలించి 230 హార్స్‌పవర్‌కి తెచ్చారు. 2015లో వచ్చిన యూరల్ నెక్స్ట్‌లో ఉన్నదీ యారోస్లావ్ల్ ఇంజనే, కాకపోతే కొత్త తరంది.

ఇక మా గొడవ. మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి కొత్తది, వేగంగా పనిచేస్తుంది, ఒకే కంపెనీ చేతిలో ఉంది. రెండోది పాతది, నెమ్మది, చూడ్డానికి వికారం, కానీ పదిమంది దగ్గర దొరుకుతుంది. మా టీములో సగంమందికి దాన్ని విప్పి సరిచెయ్యడం వచ్చు. నేను పాతదానికి ఓటేశాను. "మెకానికల్ బుద్ధి" అని నవ్వారు. సరే, నవ్వనీ. కొత్తది ఎంత బాగుందో పట్టిక వేసి చూపించారు, అందులో తప్పేం లేదు. ఆ పట్టికలో "ఈ కంపెనీ రేపు తగలబడితే?" అన్న గడి ఒక్కటే లేదు.

చివరికి పాతదే పెట్టాం. పేజీ లోడవడానికి అర సెకను ఎక్కువ పడుతోంది, క్లయింటు సణుగుతున్నాడు. నాలుక్కరుచుకుని ఊరుకుంటున్నాను, ఎందుకంటే అతను చెప్పేదీ నిజమే. కానీ ఈసారి ఒక పని మాత్రం పట్టుబట్టి చేయించాను. కాంపొనెంటుకీ మా కోడుకీ మధ్య కాస్త ఖాళీ ఉంచి, విడిగా ఒక పొర రాయించాను. రేపు ఇంకేదో ఎక్కించాల్సొస్తే ముక్కు సాగదియ్యడానికి వీలుండాలి కదా. దానికి ఇంకో మూడు వారాలు పట్టింది. మేనేజరు ఇంకా నామీద కోపంగానే ఉన్నారు.

మీరైతే ఏది పెట్టేవాళ్ళు?